తెరుచుకోని యంత్రంలో తొమ్మిది వేల మాటలు

చిత్తూరు,
19-11-2008.

శ్రీ తిరుమలయ్య గారికి,

యోగానంద నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ శకుంతలమ్మా బాగానే ఉన్నాం. మీ క్షేమం నేను అడగనక్కరలేదు. శ్రీకాళహస్తిలో బస్సెక్కి చిత్తూరులో దిగే ప్రతి మనిషీ అడగకుండానే చెప్పి పోతున్నాడు. కంటికి ఆపరేషన్ అయిందట, పాత శిష్యులు సన్మానం చేశారట, శాలువా ఎర్రదట.

పదకొండేళ్ల తర్వాత రాస్తున్నాను. ముప్పయ్యేళ్లు నువ్వు అని పిలిచినవాణ్ణి ఇప్పుడు మీరు అనబోతే కలం మొరాయిస్తోంది. అందుకని నువ్వనే రాస్తాను. మర్యాద తగ్గిందనిపిస్తే తగ్గిందనే అనుకో.

పని ఉండి రాస్తున్నాను. నీ ఇంట్లో ఉన్న నా కార్డులు నాకు కావాలి. ఐదు బిస్కెట్ డబ్బాల కార్డులు, కార్డుకో మాట. అచ్చుకు కావాలని తొంభై ఆరులో నువ్వే వచ్చి పట్టుకుపోయావు. వాటి మీద ఉన్నది నా చేతిరాత. వాటి కోసం తిరిగింది నా సైకిలు. ఇన్నాళ్లూ అడగనివాణ్ణి ఇప్పుడెందుకు అడుగుతున్నానో చెబుతాను. నీకు ఓపిక తక్కువని తెలుసు. అయినా చదువు.

ఇద్దరం తెలుగు పంతుళ్లం. ఈ జిల్లా జనం నోట్లో ఉండి ఏ నిఘంటువులోనూ లేని మాటలన్నీ పోగుచేయాలని డెబ్బై ఒకటిలో అనుకున్నాం. పలమనేరు, కుప్పం వైపు నేను తిరిగాను. కాళహస్తి, సత్యవేడు వైపు నువ్వు తిరిగావు. ఇరవై అయిదేళ్లు తిరిగాం. పుస్తకం వచ్చింది. అట్ట మీద నీ పేరొక్కటే ఉంది. లోపల 'సహకరించిన మిత్రులు' అని ఒక జాబితా వేశావు. అందులో నాది ఏడో పేరు. ఆరో పేరు అట్ట మీద నెమలిని గీసిన కలంకారీ ఆయనది. నేను తెచ్చినవి నాలుగు వేల మూడు వందల మాటలు, ఆయన తెచ్చింది ఒక నెమలి. నీ లెక్కలో నెమలే బరువు తూగింది.

పోనీ, సరిగ్గా వేశావా? గెనిమ అంటే 'పొలాల నడుమ దారి' అని రాశావు. గెనిమ దారి కాదయ్యా. మడికయ్యకూ మడికయ్యకూ మధ్య నీళ్లు నిలవడానికి వేసే మట్టికట్ట. దాని మీద మనుషులు నడుస్తారు, నిజమే. గోడ మీద పిల్లి కూడా నడుస్తుంది, గోడను దారి అంటామా? ఇలాంటివి నూట నలభై ఉన్నాయి. పట్టిక రాసి పెట్టాను.

నా పుస్తకం నేను తెస్తానని ఆ రోజే అనుకున్నాను. రెండు వేల రెండులో మా మేనల్లుడు జయచంద్ర బెంగళూరు నుంచి ఒక ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. ఏదో కంపెనీ వాడి వదిలేసింది. తెలుగులో ఎలా కొట్టాలో రెండు రోజులు కూర్చుని నేర్పి పోయాడు. అరవై ఆరేళ్ల వయసులో మళ్లీ అ ఆలు దిద్దాను, ఈసారి మీటల మీద. కార్డులు నీ దగ్గర ఉండిపోయినా గుర్తున్నవి గుర్తున్నట్టు ఎక్కించాను. గుర్తులేనివాటి కోసం మళ్లీ ఊళ్లు తిరిగాను. ఆరేళ్లలో తొమ్మిది వేల మాటలు ఎక్కాయి.

ఆ యంత్రం ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

పోయిన ఏడాది నుంచే మందగించింది. మీట నొక్కి పళ్లు తోముకుని వచ్చేసరికి తెర మీద పచ్చటి గుట్ట బొమ్మ వచ్చేది. ఈ వేసవికి స్నానం, టిఫిను కూడా అయిపోయేవి. గుట్ట వచ్చాక ఫైలు తెరవడం మరో యజ్ఞం. చూసి చూసి శకుంతల అంది, "ఏమయ్యా, అది నిద్ర ల్యాసేలోపల నేను సంగటి కెలికి, నీకు పెట్టి, గిన్నెలు కడుక్కోనొస్తా. దాన్ని పెట్టుకోని నువ్వు పుస్తకం రాస్తాండావా?" అని. ఆమెతో వాదనలో గెలిచిన జ్ఞాపకం నాకు లేదు.

తర్వాత ఒళ్లు కాలడం మొదలుపెట్టింది. తొడలు మండుతుంటే కింద తువ్వాలు మడిచి పెట్టుకున్నాను. లోపల ఫ్యాను పిండిమరలా అరిచేది. దసరా వెళ్లాక వాక్యం మధ్యలో టప్పున ఆరిపోసాగింది. మళ్లీ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరుసలు వచ్చి నిలిచిపోయేవి. తేదీ చూస్తే రెండు వేల సంవత్సరం జనవరి ఒకటి అని చూపించేది. ఆ ఏడాది నుంచి మళ్లీ బతకమంటే నేను ఒప్పుకోను.

ముందు నిన్నే అనుమానించాను. దాచి లాభం లేదు. మీ మనుమరాలు రూపశ్రీ పెళ్లిపత్రికతో పాటు ఒక సీడీ పంపావు. దాన్ని పెట్టి చూసిన నెలలోనే యంత్రం మందగించింది. మాటలు కాజేసినవాడు చాలక వాటిని చంపడానికి వైరస్ పంపాడని నిశ్చయించుకున్నాను. పెళ్లికి రాకపోవడానికి అదే కారణమని శకుంతలతో చెప్పాను. ఆమె నవ్వి, "ఆయప్పకు టీవీ పెట్టేదే రాదు, వైరస్సు పంపిస్తాడంట!" అంది.

చివరికి పోయిన గురువారం యంత్రాన్ని దుప్పట్లో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. కాణిపాకం చూసుకుని కొండకు పోతున్న జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. గుండు చేయించుకున్న ఒకాయన నా సంచిని చూసి, "పెద్దాయనా, పసిబిడ్డా? మూతి కొంచెం తెరువు, గాలి ఆడనీ" అన్నాడు. రెండు గంటలూ ఒళ్లోంచి దించలేదు.

బస్టాండు వెనక సందులో మునిప్రసాద్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఇవి. నేను కుర్చీలో కూర్చోకముందే మూఢనమ్మకాల మీద మాట్లాడటం మొదలుపెట్టాను. అతని బల్ల మీద మానిటర్‌కు నిమ్మకాయ కట్టి ఉంది మరి. అతను ఓపిగ్గా విన్నాడు. బ్యాటరీ ఊడదీసి, మీటను అరనిమిషం అదిమిపట్టి వదిలాడు. రాలేదు. వెనక మూత తీసి వేలెడు పొడవున్న పచ్చటి పట్టీ ఒకటి బయటికి లాగి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. నా బడిలో ముప్పై అయిదేళ్లు పిల్లల తప్పులు చెరిపిన వస్తువు అది. దాంతో యంత్రం బాగవుతుందంటే నాకు ముచ్చటేసింది. పెట్టి చూశాడు. రాలేదు.

అప్పుడు మొత్తం విప్పాడు. ఫ్యాను దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"ఏం సార్, దీనికి పెండ్లేమన్నా చేసినారా? గంధం, కుంకుమ ఇంత మందాన ఉండాది. గాలి పొయ్యే సందంతా మూసుకోనుండాది. ఇంగ ఇది ఊపిరి యాడ తీసుకుంటాది?" అన్నాడు. ఇంట్లో ఆడవాళ్లు పెట్టినారా అని అడిగాడు. అవునని తల ఊపాను.

నీకు నిజం చెబుతాను తిరుమలయ్యా. కార్డుల డబ్బా తెరవాలంటే కర్పూరం వెలిగించాలనేవాడివి. పాతికేళ్లు నిన్ను ఎగతాళి చేశాను. ఆయుధపూజ నాడు ఈ వీధిలో లారీలకూ, కుట్టుమిషన్లకూ, తక్కెళ్లకూ అందరూ గంధం పెడతారు. శకుంతల తిరగలికి, కత్తిపీటకు పెడుతూ, దీనికి కూడా పెట్టేదా అని అడిగింది. మెషీనుకు మొక్కడమేమిటని కసిరాను. ఆమె వంటింట్లోకి పోయాక గిన్నెలో మిగిలిన గంధం నేనే పెట్టాను. గాలి పోయే సందులు వరసగా, అందంగా ఉంటాయి. బొట్లు పెట్టడానికి అనువుగా కనిపించాయి. అలా మూడేళ్లు పెట్టాను, ఒక్కసారి తుడవలేదు. ఈ ఏడాది మందగించిందని కాస్త ఎక్కువే పెట్టాను.

మునిప్రసాద్ ఒక బ్రష్షుతో, స్పిరిట్‌తో గంటసేపు కడిగాడు. ఫ్యాను తిరిగింది. లోపలి గడియారం సెల్లు మార్చాడు. తేదీ దారిలోకి వచ్చింది. కానీ మాటలు దాచుకునే డిస్కు మాత్రం టక్కుటక్కుమని కొట్టుకుంటోంది. వేడికి అది పాడైపోయిందట. ఊడదీసి, తీగతో వేరే కంప్యూటరుకు తగిలించి చూశాడు. దాంట్లో ఏమీ చిక్కదని తేల్చేశాడు. తొమ్మిది వేల మాటలూ పోయాయి.

మళ్లీ పోగుచేద్దామంటే చెప్పినవాళ్లు లేరు. పలమనేరు పక్క పల్లెలో సిద్ధమ్మ అని ఉండేది, నీకు తెలుసు. పాలు చేపని ఆవును గురించి ఆమె నోట పదకొండు మాటలుండేవి, ఒక్కో మొండితనానికి ఒక్కో మాట. ఆమె పోయి తొమ్మిదేళ్లు. మొన్నామధ్య వెళ్లి కోడలు చంద్రకాంతమ్మను అడిగితే, "ఇప్పుడు సూదేస్తే పాలు దిగతాయి సార్, ఇంగ ఆవుతో మాటలెందుకు?" అంది. నీ పుస్తకంలో నువ్వు వేయకుండా వదిలేసిన ఆ పదకొండూ ఇప్పుడు నీ ఇంటి డబ్బాల్లో తప్ప భూమి మీద ఎక్కడా లేవు. చెదలు పట్టి ఉంటే ఆ సంగతీ చెప్పు.

కాబట్టి కార్డులు పంపు. ఆర్టీసీ పార్సిల్‌లో వేస్తే మర్నాటికి చేరుతాయి. మూడు నెలల్లో అన్నీ మళ్లీ ఎక్కించి, వాటిలో నీవేవైనా కలిసి ఉంటే విడదీసి, డబ్బాలతో తిప్పి పంపుతాను. నా పుస్తకంలో నీ పేరు వేస్తాను. ఎన్నో స్థానంలో వేయాలో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ జాబితాలో ఏడోవాడు,
యోగానంద.

తా.క.: కవరు అంటించబోతుంటే శకుంతల ఉత్తరం లాక్కుని చదివింది. చదివి, "ఇది పోస్టులో ఏసినావంటే, ఎనకనే నేనొకటి రాస్తా. అన్నా, ఈయప్ప అబద్ధం ఆడినాడు అని" అంది. రాసేస్తుంది. అందుకని నేనే చెబుతున్నాను.

డిస్కు చావలేదు. షాపులోనే వదిలి వస్తే, మూలుగుతూనే మొన్న సోమవారం తెరుచుకుంది. మునిప్రసాద్ కబురు చేస్తే మళ్లీ తిరుపతి పోయాను. ఉన్నదంతా తెరిచి చూపించాడు. చాలాసేపు చదివి అడిగాడు, "సార్, మీరు సెప్పిన మాటలు యాడుండాయి? ఈడ ఎవరో తిరుమలయ్య అంట, ఆయన్ని తిట్టేదే ఉండాది. నిండా బాగా తిట్టినారు సార్, నేను నాలుగు పేజీలు సదివినా" అన్నాడు.

అది ముందుమాట. రెండు వందల పన్నెండు పేజీలు. రోజూ పొద్దున మొదట దాన్నే తెరిచేవాణ్ణి. ఒక్క వాక్యానికి పదును పెట్టి, తర్వాత మాటల్లోకి పోదామనుకునేవాణ్ణి. అంతలో భోజనం వేళయ్యేది. ఆరేళ్లు అలాగే అయ్యాయి. ఒక మాట ఇస్తే ఫైల్లో అది ఎన్నిసార్లు ఉందో ఆ యంత్రం లెక్క చెబుతుంది. నీ పేరు ఆరు వందల పద్నాలుగు సార్లుంది. నేను ఎక్కించిన మాటలు మొత్తం మూడు వందల పన్నెండు. 'ఇ' అక్షరం దాటలేదు. తొమ్మిది వేలు అన్నది పచ్చి అబద్ధం. ఆ మాట శకుంతలకు చెప్పి, మేనల్లుడికి చెప్పి, చివరికి నేనే నమ్మాను.

"ఎవురు సార్ ఈ తిరుమలయ్య?" అని మునిప్రసాద్ అడిగాడు. నా స్నేహితుడని చెప్పాను. వేరే మాట తోచలేదు.

డిస్కు ఇంకో రెండు రోజుల కంటే ఉండదట. కావలసింది ఒక సీడీలోకి ఎక్కించి ఇస్తాడు, మిగిలింది దాంతోనే పోతుంది. ముందుమాట కూడా ఎక్కించమంటారా అని సోమవారమే అడిగాడు. రేపు చెబుతానని వచ్చేశాను. నిన్న చెప్పలేదు. ఈ పొద్దున్నుంచి రెండుసార్లు ఫోను మోగింది, తీయలేదు. ఇది రాస్తుంటే మళ్లీ మోగుతోంది. శకుంతల గడపలో నిలబడి చూస్తోంది.

ఆ మూడు వందల పన్నెండూ ఎక్కించి, మిగతాది వదిలేయమని చెబుతాను. మనసు మారకముందే, ఇప్పుడే లేచి చెబుతాను. కార్డులు పంపు తిరుమలయ్యా. అన్నీ ఒకేసారి వద్దు. 'ఈ' అక్షరం మొదలయ్యే డబ్బా ఒక్కటి పంపు చాలు.