ఎర్రకార్డు తెచ్చిన అన్న

కరీగా, ఆదివారం

అమ్మా, నేను క్షేమం, బెంగపెట్టుకోకు.

నిన్న రగ్బీ ఆటలో అవతలి జట్టువాణ్ణొకణ్ణి చేతులు చుట్టి పట్టుకోకుండా ఉత్త భుజంతో గుద్దేశాను. అది తప్పు, ఎర్రకార్డు చూపించి బయటికి పంపారు. వాడు వెల్లకిలా పడి మబ్బుల్ని చూస్తుంటే, మైదానమంతా నీటి అడుగున ఉన్నట్టు మూగబోయింది. ఆట అయ్యాక క్షమాపణ చెప్పుకోడానికి వెళ్ళాను. మెడకు పట్టీతో కూర్చుని, "ఏ వంశమోయ్ మీది?" అన్నాడు. భేలే అన్నాను.

"మాదీ అదే! అంటే నీకు అన్నను. అన్నను పట్టుకోడానికి చేతులు రాలేదట్రా?" అని నవ్వాడు. పేరు ఎంజుకిసి. డాక్టరు భయం లేదన్నాడు.

నల్లమేక ఈనిందా? వంటింటి రేకు మార్పించావా? వచ్చే నెల ఎంజుకిసిని ఇంటికి తీసుకొస్తాను, జొన్నకల్లు పులియబెట్టు. నానమ్మకు దణ్ణాలు. గుమ్మంలో అతన్ని నువ్వే ముందు కావలించుకో. చేతులెలా వేయాలో పక్కన నిలబడి చూసుకుంటాను.

నీ లువాండిలే