షయల్తీయేల్ అని పిలవకూడదు

నవంబర్ 3

ఈ దేశంలో హయీమ్ అనే పేరుగలవాళ్ళకు కొరతా? అయినా ఈరోజు ఇంకొకడు పెరిగాడు. మా తాత.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టర్ పెదవి విరిచాడు. వెంటనే మా ఫోర్తునా నానమ్మ మా యూదుల గురువు రబ్బీని ఆస్పత్రికి పిలిపించింది. పదిమంది మగవాళ్ళం మంచం చుట్టూ నిలబడ్డాం. కీర్తనలు చదివి, షయల్తీయేల్ అన్న పేరు తీసేసి, తాతకి హయీమ్ అని పెట్టాం. అంటే జీవితం. మృత్యుదూత పాత పేరు పట్టుకుని వస్తాడు, ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడని వెనక్కి పోతాడు. ఇదీ ప్లాన్. గవర్నమెంటు ఆఫీసులు చూసినవాణ్ణి కనుక నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

ఇక పాత పేరు ఎవరి నోటా రాకూడదు. ఒరేయ్ ఎవ్యాతార్, నీ నోరసలే జల్లెడ, ఒళ్ళు దగ్గర పెట్టుకో, అని నానమ్మ నన్ను మాత్రం విడిగా హెచ్చరించింది.

నవంబర్ 4

ఈ డైరీలో ఆ పేరు రాసుకోవచ్చు. నా చేతిరాత మా ప్రొఫెసర్లకే అంతుపట్టదు, దూత ఎంత!

షయల్తీయేల్ అంటే, దేవుణ్ణి అడిగాను అని అర్థం. మొదట ఆ పేరు బబులోను చెరలో పుట్టిన ఒక రాజకుమారుడిది. రాజ్యం పోయింది, పేరు మిగిలింది. తర్వాత దాన్ని పెద్దగా ఎవరూ ముట్టుకోలేదు. సలోనికా నుంచి ఓడలో హైఫా వచ్చిన మా ముత్తవ్వ, తాత వాళ్ళమ్మ, ముట్టుకుంది. కన్న ప్రతి బిడ్డా పురిట్లోనే పోతుంటే, అడిగి అడిగి చివరికి ఒకణ్ణి దక్కించుకుంది. అడిగిన సంగతి దేవుడు మరిచిపోకుండా కొంగున ముడేసుకున్నట్టు ఆ పేరు పెట్టింది.

ఆ ముడి మేం విప్పేశాం.

నవంబర్ 6

నర్సు రీమ్ వార్డులో హయీమ్ అని కేకేస్తే మూడు తలకాయలు తిరిగాయి. తాత తల తప్ప.

తాతా అన్నా పలకడం లేదు. చిన్నతనంలోకి వెళ్ళిపోయాడమ్మా, అక్కడాయన ఎవరికీ తాత కాదుగా, అంది రీమ్. నానమ్మ ఆమెను కొరకొరా చూసింది.

నవంబర్ 8, సాయంత్రం

తాత మాట్లాడాడు. చీకటి పడుతోంది, అమ్మ నన్నింకా పిలవదేం, అని. పోర్టు పక్క వీధిలో ఆడుకుంటున్నాడట.

హయీమ్, నేనున్నాగా, హయీమ్, అంది నానమ్మ.

ఆ హయీమ్‌గాణ్ణి పొద్దుట్నుంచీ పిలుస్తున్నారు, వాడింకా ఇంటికి పోలేదా, అని విసుక్కున్నాడు తాత. తలుపు వైపు తిరిగి, అందర్నీ పిలుస్తారు, నన్ను తప్ప, అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఇంకేదో వచ్చింది. నోరు తెరిచాను. నానమ్మ నా చెయ్యి రక్తం చిమ్మేలా గిల్లింది. నువ్వు పిలిస్తే ఆయనొక్కడే వింటాడనుకున్నావట్రా, అంది.

నవంబర్ 9

రోజంతా తలుపు వైపే చూశాడు.

నవంబర్ 11

ఇవాళో రేపో అన్నాడు డాక్టర్. నానమ్మ మమ్మల్నందర్నీ బయటికి పొమ్మంది. తలుపు సరిగా పడలేదు. నేను సరిగా వెయ్యలేదు.

మంచం మీదికి వంగి, సలోనికా నుంచి వచ్చిన మా ముసలాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే పాత స్పానిష్‌లో పిలిచింది. షయల్తీయేల్! ఒరేయ్ షయల్తీయేల్, ఇక చాల్లే ఆటలు, సూప్ చల్లారిపోతోంది, రా నాయనా. కింద వీధిలో ఉన్నవాణ్ణి మేడమీంచి పిలిచినట్టు, గొంతు చించుకుని. వార్డంతా విన్నది.

వస్తున్నానమ్మా, అన్నాడు తాత. ఆ గొంతు ఏడేళ్ళ పిల్లాడిది.

తర్వాత ఊపిరి అందుకోలేదు.

నానమ్మ బయటికొచ్చింది. నేనే పంపించేశాన్రా, అంది. నువ్వు కాదు నానమ్మా, అందామనుకున్నాను. ఏదైనా జోకు వేద్దామనీ అనుకున్నాను. చివరికి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

నవంబర్ 18

ఏడు రోజుల సంతాపం ముగిసింది. పొద్దున్నే నానమ్మ వంటింట్లోంచి, షయల్తీయేల్, కాఫీ, అని కేకేసింది.

ఇంట్లో ఎవరూ కదల్లేదు. నేను లేచి వెళ్ళాను.