జనరేటర్ కాలిపోలేదు

నిమ్‌పురా, మంగళవారం రాత్రి

భయం మళ్ళీ మొదలవకముందే రాసుకోవాలి: ల్యాబ్‌లో సిగ్నల్ జనరేటర్‌ను నేను కాల్చలేదు. నిన్న నేను ట్రాన్సిస్టర్‌తో కట్టిన కామన్ బేస్ ఆంప్లిఫయర్‌కు కలపగానే దాని సిగ్నల్ పడిపోయింది. నా చదువు అయిపోయిందనుకుని ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఈరోజు ల్యాబ్‌లో మాకు పాఠాలు చెప్పే దీదీ ఆ వైరు తీయించింది. సిగ్నల్ మళ్ళీ లేచింది!

"కాలిపోనేదే పిచ్చీ! బేస్‌ని గ్రౌండు చేసి ఎమిటర్‌లోకి సిగ్నల్ ఇస్తే ఇన్‌పుట్ నిరోధం బాగా తక్కువ. అంత కరెంటు లాగితే ఓల్టేజీ పడిపోదేటి? ఎఫ్‌ఈటీతో కట్టే కామన్ గేట్‌లో సోర్స్ దగ్గరా అంతే."

అమ్మకు చెప్పాను. "మరి నిన్న నా చేపల పులుసు ఏటి పాపం సేసినాదే?" అంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

శనివారం కామన్ గేట్ పాఠం నన్నే క్లాసుకు చెప్పమంది దీదీ. మా ఇంట్లో చాక్‌పీసు పట్టి బోర్డు ముందు నిలబడినవాళ్ళు ఎవరూ లేరు. రేపు ఇది చదివే నేనా, నువ్వు నిలబడగలవా? గురువారంలోగా నాకు జవాబు చెప్పు.