ఎడమకాలి మీది బరువు

బుడంకాయకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను, అమ్మ, గోల్ఫ్ మైదానంలో నేను గడ్డి కోసే పాత మిషనూ బాగానే ఉన్నాం. ముగ్గురిలో దగ్గేది మిషనొక్కటే. ఆ గోల్ఫ్ శిక్షణ క్యాంపులో వేళకి తింటున్నావో లేదో రాయలేదని అమ్మ అలిగింది. ఈసారి ముందు అది రాసి, ఆట సంగతి తర్వాత రాయి.

"ఎంత ప్రాక్టీస్ చేసినా కర్ర బంతికంటే ముందు నేలకే తగులుతోంది, ఎందుకు నాన్నా?" అని అడిగావు. మీ కోచ్ గారు చెప్పినట్టే గడ్డి మీద సున్నంతో గీత గీసి, దాని మీద బంతి పెట్టి కొట్టు. కర్ర తగిలి మట్టి గీతకి అవతల, బంతి వెళ్లే వైపు లేవాలి. ఇవతల లేచిందంటే నీ బరువు ఇంకా కుడికాలి మీదే ఉండిపోయిందన్నమాట. దెబ్బ తగిలే వేళకి అది ఎడమకాలి మీదకి వచ్చెయ్యాలి. మూడు వారాల్లో ఇది మారకపోతే ఆయన నిన్ను ఇంటికి పంపేస్తానన్నారని రాశావే, ఆ ముక్క చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

నిన్న పనయ్యాక నేనూ గీత గీసుకుని కొట్టి చూశాను. ఇరవై బంతులు కొడితే ఇరవైసార్లూ మట్టి ఇవతలే లేచింది. అమ్మ బెంచీ మీద నుంచి చూసి, "అచ్చం మన అమ్మాయిలాగే కొడుతున్నారే!" అంది. నాకు నవ్వు రాలేదు.

ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న మాట చెబుతున్నాను. మిషను మీదపడి నా ఎడమ మోకాలు పోయిన సంగతి నీకు తెలుసు. దాని మీద బరువు మోపలేక వెనక్కి వాలి కొడతాను. నీకు ఏడేళ్లప్పుడు నన్ను చూసే కదా నేర్చుకున్నావు! నీ కాళ్లు భేషుగ్గా ఉన్నా, నా కుంటితనం కూడా నేర్చేసుకున్నావు. నీ పన్నెండో ఏటే అది కనిపెట్టాను. చెబుదామనుకునేలోపు క్లబ్బులో అందరూ "అచ్చు నాన్నే!" అనడం మొదలుపెట్టారు. ఆ మాటకి పొంగిపోయి ఊరుకున్నాను. చేసింది నేను, పడుతున్నది నువ్వు.

దిద్దుదామంటే చేతకావడం లేదు తల్లీ. కాగితం మీద రాయగలను గాని, ఒక్కసారి కూడా చేసి చూపించలేను. ఈ ఉత్తరం కోచ్ గారికి చూపించు, సిగ్గుపడను. ఆయన కాళ్లు చూడు. కొట్టబోయే ముందు కళ్లు మూసుకుంటే నేనే కనబడతానని ఒకసారి అన్నావు. ఇక నన్ను చూడకు.

మట్టి అవతల లేచిన రోజు వెంటనే రాయి. ఆ రోజు నుంచి నిన్ను చూసి ఎవ్వరూ "అచ్చు నాన్నే" అనరు. నాకు కాస్త బాధగానే ఉంటుంది. ఉండనీ.

ఇట్లు,
నీ నాన్న