ఆరోగ్యమ్మ బొమ్మకు నలభై రోజులు

1983 ఫిబ్రవరి 16, విభూది బుధవారం

నుదుట విభూది ఇంకా తుడుచుకోలేదు. ముందు తీర్మానం రాసేస్తున్నాను.

ఈ నలభై రోజులూ ఊరికే చేసిపెట్టే పనులు బంద్. దిండు గలీబుల మీద పువ్వులు, పెళ్ళి కార్డుల అంచులు, సైకిళ్ళ మీద పేర్లు, ఏవీ ఒప్పుకోను. బోర్డుల పని మామూలే, అది కూడు. రోజూ ఉదయం ఆరున్నర నుంచి ఏడు దాకా మా ఆవిడ ఆరోగ్యమ్మ బొమ్మ వేస్తాను. ఈస్టరుకు పూర్తి.

పోయిన నెల ఆవిడ అక్క జయమణి చనిపోయింది. ప్రార్థన రోజున బల్ల మీద పెట్టడానికి ఒక్క ఫొటో కూడా దొరకలేదు. బైబిలు పెట్టి దానికే దండ వేశారు. ఇంటికొచ్చాక ఆరోగ్యమ్మ అంది: "ఊరందరికీ గీత్తారు. నన్నెప్పుడైనా గీసారేటి? రేపు నాకూ బైబిలే పెడతారా?"

ఫొటో తీయిద్దామన్నాను. "ఫొటో ఎవుడైనా తీత్తాడు" అంది.

పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఇదొక్కటే.

ఫిబ్రవరి 17

6.10. ముక్కాలిపీట వేశాను. ప్లైవుడ్ పలకకు తెల్లరంగు, రెండు పూతలు.

6.30. ఆవిడ వచ్చి కూర్చుంది. తల్లో కనకాంబరాలు.

చాలా బాగా మొదలైంది. పలక ఆరాలి కాబట్టి ఇవాళ గీయలేదు.

ఫిబ్రవరి 19

చిక్కు ఎక్కడంటే, నా పద్ధతి వేరు. ఊళ్ళో ఐదో తరగతి చదివి విశాఖపట్నం వచ్చి బోర్డుల పనిలో చేరినప్పటి నుంచి ఒకటే పద్ధతి. ఫొటో మీద గళ్ళు గీస్తాను. ఒక్కో గడినీ గోడ మీద పెద్దది చేస్తాను. మనిషిని చూసే అవసరం లేదు. ఇప్పుడు ఎదురుగా మనిషే కూర్చుంది. మొహం మీద గళ్ళు గీయలేను కదా.

ఒకసారి తల ఎత్తాను. ఆవిడ నన్నే చూస్తోంది. తల దించి పెన్సిలు చెక్కాను. చెక్కుతూనే ఉన్నాను.

"ఏటండీ, నా మొకం ఆ పెన్సిల్లో ఉన్నాదేటి?" అంది.

పెన్సిలు అయిపోయింది. రేపు కొత్తది కొనాలి.

ఫిబ్రవరి 24

బోర్డుకి ముందు అక్షరాలు, తర్వాతే బొమ్మ. అలవాటు. కింద పేరు రాసేసి మొహం సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. మొదటి అక్షరానికి మంచి ఒంపు వచ్చింది. నీడ ఇచ్చాను. మిగతావాటికి ఇవ్వకపోతే బాగుండదు. ఏడింటికి చూస్తే పలకలో మూడొంతులు పేరే. మొహానికి అరచేయంత చోటు మిగిలింది.

ఆవిడ వచ్చి చూసింది. "కిరానా కొట్టు బోర్డునాగున్నాది. కందిపప్పు దొరుకునని కూడా రాసెయ్యండి."

మళ్ళీ తెల్ల పూత. ఆరాలి.

మార్చి 1

ఒంటి రంగు కుదరడం లేదు. అది కుదరకుండా మొహం మొదలుపెట్టడం తప్పు. హార్బరుకు వెళ్ళాను. ఒక ఓడ పొగగొట్టం మీద మంచి నీలం చూశాను, చీరకు పనికొస్తుంది. ఆవిడ రంగు కూడా దొరికింది. అదే ఓడకి, నీటికి జానెడు పైన, ఎండ పడుతున్న తుప్పు.

ఎక్కడ దొరికిందో ఆవిడకు చెప్పలేదు.

మార్చి 8

పూర్తయినవి: పీట. నీలం చీర. జడ. కుడి చెవి, కమ్మతో సహా. చెవిని పక్కనుంచి చూసి గీయవచ్చు.

కానిది: మొహం.

పక్కింటి పద్మావతి దిండు గలీబు తెచ్చింది. చిలకలు కావాలట. కాదని చెప్పడానికే నోరు తెరిచాను. "రెండేనా?" అని వచ్చింది.

చిలకలు చిన్నవి. తీర్మానం చెడినట్టు కాదు.

మార్చి 15

సుందర్ రాజ్ మాస్టారికి ఈస్టరు కార్డుల అంచు. దేవుడి పని, లెక్కలోకి రాదు. స్టీల్ ప్లాంటు కడుతున్నచోట పనిచేసే దేవకుమార్‌కు హెల్మెట్ మీద పేరు. అది మనిషి క్షేమం.

ఆరున్నరకు ఆవిడ వచ్చి కూర్చోవడం మానేసింది. నేను పిలవలేదు. తల్లో పూలు లేవు.

మార్చి 22

గురువులు వచ్చాడు. సముద్రం మీద బతికే మనిషి, నాకు పాత స్నేహితుడు. కొత్త బోటు కట్టించాడు. కేబిన్ ముందు గంగమ్మ తల్లి బొమ్మ కావాలి.

"ఆదోరం నీటిలోకి దించేత్తన్నాం బావా. నువ్వు కాదంటే ఆ తల్లి మొకం లేకుండానే బోటు ఎల్తాది."

గళ్ళు గీయడానికి ఫొటో తెమ్మన్నాను.

"తల్లికి ఫొటో ఏటి బావా? నీ మనసులో ఉన్న మొకం గీసీ."

ఒప్పుకున్నాను. నలభై రోజుల ముచ్చట ఇంతటితో సరి. ఆరోగ్యమ్మ విని ముక్కాలిపీటను వంటింట్లోకి తీసుకుపోయింది. తిట్టినా బాగుండేది.

మార్చి 26

నిచ్చెన మీద నాలుగు గంటలు. గళ్ళు లేవు. ఎదురుగా ఎవరూ కూర్చుని లేరు. కళ్ళు, ముక్కు, పెదవి. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం గురువులు భార్య చిట్టమ్మ గంప దించి పైకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మ. ఈవిడ మా ఆరోగ్యం వదిన కదేటి?"

దిగి చూశాను. అవును. గడ్డం కింద పుట్టుమచ్చతో సహా.

చెరిపేస్తానన్నాను. గురువులు కుంచె లాక్కున్నాడు. "ముట్టుకుంటే ఊరుకోను. మా ఆరోగ్యం అప్ప మొకం సూత్తే తుపానుకే బయమేత్తాది."

మార్చి 29

ఇంట్లో చెప్పలేదు. చిట్టమ్మ వచ్చి చెప్పేసింది.

"మెళ్ళో సిలవ ఏసుకున్నదాన్ని. నన్ను గంగమ్మని సేసీసారా? ఫాదరుగారికి ఏటి సెప్పుకోవాల?" అంది ఆరోగ్యమ్మ.

నేను గోడ చూశాను. ఆవిడే చిట్టమ్మను మెల్లిగా అడిగింది: "ఎలగున్నాదే?"

బోటు వేటకెళ్ళింది. శనివారం వస్తుందట.

ఏప్రిల్ 2, శనివారం

ఇద్దరం ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాం. నాలుగు గంటలకు బోటు వచ్చింది. చేపల కోసం అందరూ ముందుకు తోసుకున్నారు. ఆవిడ కదలలేదు.

"నానింత సక్కగుంటానేటి?"

"ఉంటావు."

"మరి ఇంట్లో గీయలేదే?"

"నువ్వు చూస్తున్నావు కదా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, మరోటో తెలియలేదు. తిరిగి వస్తున్నప్పుడు అంది: "బానే ఉన్నాది. గానీ నాను పోయిన్నాడు ఆ బోటుని మోసుకొచ్చి బల్ల మీద పెడతారేటి?"

ఏప్రిల్ 4, సోమవారం

కొత్త తీర్మానం. ఇవాళ్టి నుంచి పెంతెకోస్తు పండుగ దాకా. పద్మావతి రెండో గలీబు తెచ్చింది. పండుగ తర్వాత చూద్దామన్నాను. ఈసారి బయటికే అన్నాను.

6.30. ఆవిడ వచ్చి కూర్చుంది. తల్లో కనకాంబరాలు. నేను పెన్సిలు ముట్టుకోకుండా తల ఎత్తాను. చూశాను. ఆవిడా చూసింది. గోడ అవతల నీళ్ళబండి వెళ్ళిపోయేదాకా చూశాను.

ముందు ఆవిడే తల దించుకుంది.

కనురెప్పలు గీశాను.