ఎడమ చెయ్యి కురచైన చొక్కా

కూనూరు కొండ మీద నుంచి,

రమణక్కకు నీ చెల్లెలు సుబ్బులు దణ్ణం పెట్టి రాసుకుంటున్న సంగతులు. నేను బాగున్నాను. ముందు ఆ మాట నమ్ము, తర్వాత మిగతాది చదువు. నీకు ఏడో నెల దాటిందని బావ ఫోన్‌లో చెప్పాడు. కాళ్ల వాపు తగ్గిందా? గరిటెలు చెక్కే పని ఇంకా మానలేదట. కూర్చుని చేసే పనే కదా అంటావు. నడుము నీది, మొండితనమూ నీదే, నేనేం చెప్పను? అవ్వ దగ్గు ఎలా ఉంది? ఉదయగిరి కొండ కింద మీరు ఎండకు మాడుతుంటే, నేనిక్కడ పట్టపగలు స్వెట్టర్ తొడుక్కుని చేతులు రుద్దుకుంటున్నాను. నిజంగా బాగున్నానక్కా, దిగులు పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేందని అవ్వ గొణుగుతుంది. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను ఏడుస్తాను, అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది. రెండేళ్లుగా అలాగే ఉండిపోయింది. బావ పక్కన కూర్చున్నప్పుడు చదువు. మధ్యలో ఆపొద్దు.

ఇక్కడ తిండికి లోటు లేదు. మిరపకాయల్లో మాత్రం కారం చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ తొక్కు ఒక సీసా పంపు. మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు కొండ దిగి కిటికీలోంచి గదిలోకి వచ్చేస్తుంది. ఎదురుగా ఉన్న కుర్చీ కూడా మసకగా కనిపిస్తుంది. ఇంట్లో నేనూ టీచరమ్మా తప్ప మూడో మనిషి లేదు. కింది వరస ఇళ్లలో టీ ఆకు కోసేవాళ్లు ఉన్నారు గానీ, నాకు అరవం రాదు, వాళ్లకు తెలుగు రాదు. ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది.

టీచరమ్మ పుట్టింది మన ఆత్మకూరులోనే. మద్రాసులో ఆడపిల్లలకు బట్టలు కత్తిరించడం, కుట్టడం నేర్పే కాలేజీలో తల నెరిసేదాకా పాఠాలు చెప్పింది. షుగరు వల్ల చూపు పోయింది. వేళ్లకు మాత్రం ఏమీ కాలేదు. నాలుకతో తడుముకుని సూదిలో దారం ఎక్కిస్తుంది. ఊరు వదిలి ఎన్నేళ్లయినా మాటలో ఆత్మకూరు పోలేదు. ఆ మాట కోసమే నేనిక్కడ ఉండగలుగుతున్నాను.

నా పని ఆమెకు పుస్తకాలు చదివి వినిపించడం. గోడ నిండా పుస్తకాలే, అన్నీ గుడ్డల గురించినవే. ఇంత రాసే తీరిక ఎవరికుందిరా దేవుడా అని మొదట నవ్వుకున్నాను. చదువుతుంటే నవ్వు పోయి ఇంకా చదవాలన్న ఆశ పుట్టింది. ఒకటి నేతగాళ్ల చరిత్ర. ఇంకోటి డిటెక్టివ్ కథ, కోటుకు ఊడిపోయిన గుండీ పట్టుకుని హంతకుణ్ణి కనిపెడతారు. ఊరూరూ తిరిగి జనం ఏం కట్టుకుంటారో రాసుకున్న ఒకాయన యాత్ర ఉంది. దయ్యం కథ కూడా ఉంది. పెళ్లినాడే పోయిన పిల్ల చీర ఎవరు కట్టుకున్నా ఆ పిల్ల గొంతుతోనే మాట్లాడతారు. ఏది చదివినా టీచరమ్మ ఆపి, "ఆ మెడ ఏ కటింగు మే?" అని అడగాల్సిందే. బస్టాండు పక్కన జాకెట్లు కుట్టుకున్న సుబ్బులు ఇప్పుడు రాణుల గౌన్ల గురించి మాట్లాడుతోందని అవ్వకు చెప్పు, నవ్వుతుంది.

పోయిన నెల నుంచి నేను చదువుతుంటే టీచరమ్మ చేతిలో తెల్లగుడ్డ ఒకటి ఆడుతుండేది. వింటూ కుట్టుకునేది. నేను పట్టించుకోలేదు. ఒకరోజు నీళ్లు తాగుదామని చదవడం ఆపి లేచాను. ఆమె చెయ్యెత్తి, "ఉండు, ఈ ముక్క అయిపోనీ" అంది.

"నేను ఆపేసినాను గదమ్మా."

"నువ్వు ఆపేస్తే, వినబడతా ఉండేది ఎవురి గొంతు?"

పెద్దతనం అనుకున్నాను. నవ్వాను గానీ, ఆ పూట రేడియో పెట్టుకుని వంట చేశాను.

వారం తర్వాత కుట్టు అయిపోయింది. దారం పళ్లతో కొరికి, ఆ గుడ్డ నా చేతిలో పెట్టింది. పురిటిబిడ్డ చొక్కా. మెడ దగ్గర మూడు మడతలు. గుండీ లేదు, నీలం దారం ముడి ఉంది. ఎడమ చెయ్యి కుడిదానికంటే వేలెడు కురచ. అక్కా, ఆ కురచ చెయ్యిని వేలు పెట్టి రెండుసార్లు కొలిచాను.

"ఇది ఎవురికమ్మా?" అన్నాను.

"నాకేం తెలుసు? పుస్తకాల్లో ఉండేదే కుట్టినాను."

"ఏ పుస్తకంలో?"

"అన్నిట్లోనూ. నువ్వే గదే చదివినావు! నేతోళ్ల చరిత్రలో వచ్చింది. గుండీ కథలో వచ్చింది. దయ్యం కథలో రెండు తూర్లు వచ్చింది. బిడ్డ పుట్టకముందే కుట్టిన చొక్కా, మూడు మడతలు, నీలం ముడి, గుడ్డ చాలక ఎడమ చెయ్యి కురచ. ఇన్ని రకాల పుస్తకాల్లో ఒకటే చొక్కా ఏందబ్బా అని నేనే అనుకుంటా ఉన్నా."

మూడు రోజులు ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. వరస వరసకూ వేలు పెట్టి చూశాను. లేదక్కా. ఏ పుస్తకంలోనూ ఆ చొక్కా లేదు. చదివినట్టు నాకు గుర్తే లేదు. ఆమె కళ్లతో చూడలేదు కాబట్టి నేను ఏది చదివితే అదే పుస్తకం అనుకుంది. మరి నేను చదివింది ఏమిటి? తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ చొక్కా ఈ లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని కుట్టింది నేను. నీ మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. రెండోసారి ఎనిమిదో నెల వచ్చేసరికి నాకు ఆనందం ఆగలేదు. కడుపులో ఉన్న బిడ్డకు గుడ్డ కుట్టకూడదని అవ్వ చెబుతూనే ఉండేది. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నెట్టు, నీకెందుకే అంత తొందర?" అని ఒకసారి కసిరింది కూడా. అప్పటికే కుట్టేశాను. నీకు మాటైనా చెప్పకుండా సంచిలో దాచాను.

ఆత్మకూరు ఆసుపత్రిలో నువ్వు మత్తులో ఉన్నావు. బిడ్డ ఒక్క పూట ఉన్నాడు. తీసుకుపోయేటప్పుడు వాడి ఒంటి మీద తువ్వాలు ముక్క తప్ప ఏమీ లేదు. బావ ఏడుస్తూ, "ఏదైనా తొడుగు సుబ్బులూ, ఇట్నే పంపించొద్దు" అన్నాడు. నేను సంచిలోంచి తీసి తొడిగాను. బయట అంగట్లో కొన్నానని చెప్పాను. అక్కా, అది వాడికి సరిగ్గా సరిపోయింది. వాడి ఎడమ చెయ్యి ముడుచుకుపోయి ఉంది. కురచ చెయ్యి కూడా కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆ రోజు నుంచి నేను కత్తెర ముట్టుకోలేదు. గిరాకీ లేక కొట్టు మూసేశానని మీకు చెప్పింది అబద్ధం.

ఇదంతా టీచరమ్మకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చొక్కా ఒళ్లోకి తీసుకుని, మడతలు తడుముతూ తన సంగతి చెప్పింది.

"నా అసలు పేరేందో తెలుసునా నీకు? భిక్షమ్మ. మా అమ్మకు ముందు ముగ్గురు నిలవలా. నేను పుట్టినాక మా అవ్వ పక్కింటికి పోయి, కొంగు చాపి, ఆ ఇంటి బిడ్డ తొడిగి విడిచిన గుడ్డ అడుక్కొచ్చి నాకు చుట్టింది. కొత్త గుడ్డయితే చావు కంట్లో పడతాదంట. కాలేజీలో చేరేటప్పుడు సిగ్గయ్యి పేరు మార్చుకున్నా. దేశదేశాల గుడ్డల పాఠాలు చెప్పినా గానీ, ఆ పాతగుడ్డ సంగతి ఒక్కరికీ చెప్పలా."

"దీన్ని కాల్చేద్దామా అమ్మా?"

"కాలిస్తే నువ్వు మళ్లీ ఆ చొక్కానే చదువుతావు. బతికి ఉండే బిడ్డకు తొడిగించు. తర్వాత కొంగు చాపి అడుక్కో."

మర్నాడు పొద్దున్నే కింది వరసలో ఉండే సెల్వి ఇంటికి వెళ్లాను. టీ ఆకు కోసే పిల్ల. రెండు నెలల కొడుకు. సైగలతో చెప్పి చొక్కా చేతిలో పెట్టాను. ఆమె వాడికి తొడిగింది. రెండు రోజులు వాడి ఒంటి మీదే ఉంది. పాలు కక్కాడు, చొంగ కార్చాడు, చేయాల్సినవన్నీ చేశాడు. మూడో రోజు వెళ్లి ఆమె గడపలో నిలబడి కొంగు చాపాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి నవ్వింది. నా కళ్లు చూసి నవ్వు ఆపేసి, చొక్కా తెచ్చి కొంగులో వేసింది. సెల్వి కూడా తల్లే కదా.

ఇప్పుడు చదివేటప్పుడు వరస కింద వేలు పెట్టుకునే చదువుతున్నాను. టీచరమ్మకు ఆ చొక్కా మళ్లీ వినబడలేదట. రోజూ అడుగుతున్నాను.

ఈ ఉత్తరంతో పాటు చొక్కా మూట వస్తుంది. అవ్వ చేతికి ఇవ్వు. బిడ్డ పుట్టి ఏడ్చేదాకా విప్పొద్దు. ఉతకొద్దు, పాలవాసన పోనీయొద్దు. నా మీద కోపం వస్తే తిట్టు. నా మొహం చూడనంటే అదీ పడతాను. తొడగడం మాత్రం మానొద్దు అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆసుపత్రికి నొప్పులు రాకముందే వెళ్లండి, ఈసారి ఆలస్యం చెయ్యొద్దని బావకు గట్టిగా చెప్పు.

అవ్వ కాళ్లకు నా మొక్కులు. బావకు నమస్కారాలు, ఆ రోజు అబద్ధం చెప్పినందుకు క్షమించమని చెప్పు. మీ అందరి దీవెనలు నాకు కావాలి.

ఒక్క మాట రాయడం మరిచాను. సెల్వి కొడుక్కి ఆ చొక్కా సరిపోలేదు. తొడగగానే వాడి ఎడమ చెయ్యి మోచేతి దాకా బయటికొచ్చేసింది. దాన్ని గాల్లో ఆడిస్తూ కేకలు పెట్టాడు. సరిపోనందుకు నేను అక్కడే కూలబడి ఏడ్చాను. నీ బిడ్డకు కూడా సరిపోకూడదక్కా. చాలలేదని ఒక్క ముక్క రాయి, చాలు.

నీ చెల్లెలు,
సుబ్బులు