ఇప్పచెట్ల కింద కిడ్నాపర్లు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు టీవీలో చూసే డిటెక్టివ్ సీరియల్ ఇంకా వస్తోంది. ఈ వారం కిడ్నాపర్లు ఓ పిల్లను అడవిలోకి ఎత్తుకుపోయారు. ఆమె మెడమీద కత్తి పెట్టారో లేదో, మణుగూరు పక్కన మన ఊళ్ళో ఎప్పటిలాగే కరెంటు పోయింది. కరెంటోళ్ళకు ఆ సీరియల్ మీద పగేమో!

అలా పోయినప్పుడల్లా మిగతా కథ నువ్వే అల్లి చెప్పేవాడివి.

"ఇగ మీ బాపు లెక్క నువ్వే చెప్పు," అంది అమ్మ చీకట్లో.

నీ కథల్లోలాగే కిడ్నాపర్లను ఇప్పచెట్ల కింద కూర్చోబెట్టాను. రాలిన పూల వాసనకు మత్తెక్కి, కత్తులు వదిలేసి నిద్రపోయారు. డిటెక్టివ్ దగ్గుకుంటూ వచ్చి పిల్లను భుజాన ఎత్తుకున్నాడు. ఆ దగ్గు నీదే, నేనే పెట్టాను.

అమ్మ చీకట్లోనే నా పక్కకు జరిగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"గాయన ఇంటికెప్పుడొస్తడట?"